ఒక ఊరు వెనక్కి

ఈ మధ్య హోటళ్లలో ఛాయ్ కప్పులు బొటనవేలంత అయ్యాయి. ఒకటి తాగితే తాగినట్టుండదు, రెండు తాగితే ఆబగా తాగినట్టుంటుంది. వికారాబాద్ బస్టాండ్ దగ్గర నేను రెండోది చెప్పి దిక్కులు చూస్తుండగా అక్క ఫోన్ చేసింది.

ఆ రోజు తాండూరులో అక్క కూతురికి చెవులు కుట్టే ముహూర్తం. అది మేనమామ ఒళ్లోనే జరగాలి. బిడ్డ ఏడ్చి, తన్ని, తడిపేది ఆయన చొక్కానే. బదులుగా ఆ పిల్ల మీద జీవితాంతం కొంచెం పెత్తనం దక్కుతుంది. ఆ కొంచెమూ నాకు కావాలి. సొంత మేనమామను నేనొక్కడినే, ఉద్యోగం చూస్తే ఢిల్లీలో.

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు గాలిలో పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, ప్రయాణం రెండు గంటల చిల్లర అంటుంది ఫోను. శంషాబాద్ నుంచి తాండూరు అందులో పదోవంతు కూడా లేదు, టైము మాత్రం అంతకంటే ఎక్కువే. విమానానికి చేవెళ్లలో ట్రాక్టర్ అడ్డం రాదు మరి.

అయినా మొదటి విమానం పట్టుకుని, కారు మాట్లాడుకుని, చాలినంత ముందే వికారాబాద్ చేరాను. అందుకే ఆ రెండో ఛాయ్.

"యాడున్నవ్‌రా తమ్మీ?"

"వికారాబాద్‌ల ఉన్న అక్కా. ఒస్తున్న."

"సరే తియ్," అని పెట్టేసింది. గొంతు నీరసంగా ఉంది. సిగ్నల్ బాగా లేదేమో అనుకున్నాను.

మా వైపు ఫోన్‌లో ఉన్న ఊరు చెప్పం, చేరబోయే ఊరు చెప్తాం. మోమిన్‌పేటలో బస్సు కోసం నిలబడ్డవాడు వికారాబాద్ దాటిన అంటాడు. స్నానానికి నీళ్లు కాగబెట్టుకుంటున్నవాడు ఆటోలో ఉంటాడు. వినేవాళ్లు కూడా ఒక ఊరు వెనక్కి జరిపే వింటారు కాబట్టి ఇందులో ఎవరికీ మోసం లేదు.

ఆ రోజు నేను ఉన్న ఊరే చెప్పాను. అక్క అలవాటు ప్రకారం నన్ను ఒక ఊరు వెనక్కి, చేవెళ్లకు జరిపింది. చేవెళ్ల నుంచైతే ముహూర్తానికి అందను. ఏం చేస్తుంది, మర్పల్లి నుంచి బైక్ మీద వచ్చిన మా పెద్దమ్మ కొడుకును పీట మీద కూర్చోబెట్టింది. వరసకు అతనూ మేనమామే.

అనంతగిరి మీద ఆదివారం జనం మంచులో ఫొటోలు దిగుతున్నారు. వాళ్లను దాటుకుని, తాండూరు బండల దుమ్ము తిని, ముహూర్తం ఇంకా మిగిలుండగానే ఇంట్లో అడుగుపెట్టాను.

ఒక చెవి అయిపోయింది.

"రా అన్నా, నీకొకటి ఉంచిన," అంటూ మర్పల్లి తమ్ముడు తడిసిన చొక్కాతో లేచాడు. అంత సంతోషంగా పదవి వదిలినవాణ్ని నేను చూడలేదు.

చెవులు కుట్టే ఆయన సూది చేతిలోనే పట్టుకుని, "జల్ది కూసో సారూ, టైమైతుంది," అన్నాడు.

"మామా, ఇంకో చెవి ఒద్దు!" అని ఏడుస్తూనే పిల్ల నా ఒళ్లోకి ఎక్కింది. క్షణంలో రెండోదీ అయిపోయింది. నా చొక్కా కూడా తడిసింది, పెత్తనంలో సగమైనా వచ్చినట్టే లెక్క. మిగతా సగం కోసం అక్కను నిలదీశాను.

"వికారాబాద్‌ల ఉన్న అని చెప్తిని గదక్కా! నిజంగనే ఆడ్నే ఉంటి. జర ఆగొద్దా?"

అక్క బిడ్డ చెవికి పసుపు అద్దుతూ తలెత్తకుండానే అంది:

"నువ్వు నిజం చెప్తవని ఎవలనుకుంటర్‌రా?"