ఎవరు ముట్టుకున్నారు?

కంప్యూటర్ల మెకానిక్‌కు తన నీడ మీద కూడా అనుమానమే. ఎక్కడికెళ్లినా సంచి దించకముందే "ఎవరు ముట్టుకున్నారు?" అంటాడు. మెడలో తాడుకు వేలాడే పెన్‌డ్రైవ్‌ను కన్నతల్లి చేతికి కూడా ఇవ్వడు. ఆ పొద్దున ఆసుపత్రిలో చీటీలు రాసే కంప్యూటర్ లేవలేదు. "నిన్న మీరు అప్‌డేట్ చేసి వెళ్లాక నేను తాకలేదన్నా! ఇది లేవకపోతే నా ఉద్యోగం ఊడుతుంది" అంది గుమస్తా. "దొంగ ఏనాడు ఒప్పుకున్నాడు చెల్లెమ్మా!" అంటూ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. యంత్రం బుద్ధిగా లేచింది. మీసం దువ్వుకుని పెన్‌డ్రైవ్ పీకి, మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర. గుచ్చితే ప్రాణం, పీకితే శవం. మూడోసారికి ఆమే అంది: "అన్నా, దీన్ని నిద్రలేపేది మీ మెడలోనే ఉన్నట్టుందే!" నిన్న యంత్రాన్ని నిద్రలేపే ప్రోగ్రాం బూట్‌లోడర్‌ను కంప్యూటర్ డిస్కు మీద రాయబోయి పెన్‌డ్రైవ్ మీద రాసుకుని, మెడలో వేసుకుని ఇంటికి పోయాడు మహానుభావుడు. ఈసారి దాన్ని డిస్కు మీదే రాసి సరిచేశాడు. ఇంతలో పెద్ద డాక్టరు వచ్చి "ఎవరు ముట్టుకున్నారు?" అని గద్దించాడు. గుమస్తా ముఖం పాలిపోయింది. "నేనేనండీ" అన్నాడు మెకానిక్, మెడలోని తాడు వైపు దొంగను చూసినట్టు చూస్తూ.