బాగుపడకముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే మా ఆయన కాళ్లకు చెప్పులు పట్టలేదు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బండి మీద తిరిగి తిరిగి నీరు దిగిందిలే అన్నారాయన. నేనూ సరేననుకున్నాను.

మేముండేది నిడమనూరులో. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పదకొండేళ్లు సువార్త సేవ చేశారు. మమ్మల్ని పోషించేది ఒక్కరు కాదు. మమ్మల్ని పంపింది కోదాడ సంఘం, జీతం వాళ్లే ఇస్తారు. ఇంటి కిరాయి మిర్యాలగూడ సంఘానిది. సెలవులు, బదిలీలు, శిక్షణ హైదరాబాద్‌లోని మిషన్ ఆఫీసు చేతిలో. ఈ ముగ్గురికీ ఆయన నెలనెలా ప్రార్థన ఉత్తరం రాస్తారు. మా మంచిచెడ్డలు వాళ్లకు తెలిసేది దాని ద్వారానే.

మిర్యాలగూడలో బ్లడ్ టెస్టు, అల్ట్రాసౌండ్ చేశారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చాలా ఎక్కువుంది. బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందని డాక్టర్ అడిగితే, అసలు ఉన్నట్టే మాకు తెలియదు. ఆ బీపీతోనే కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయన్నారు.

ఉత్తరం అందగానే ముగ్గురూ కదిలారు. మందులు కోదాడ సంఘం, టెస్టులు మిర్యాలగూడ సంఘం పంచుకున్నాయి. ఆఫీసు వాళ్లు విశ్రాంతి ఇచ్చి, ఊళ్లకు మరో సేవకుణ్ణి పంపారు. కోదాడలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. రెండు నెలలకు వాపు తగ్గింది, క్రియాటినిన్ కొంచెం దిగింది.

"తగ్గింది గానీ పోలే. మందులు మాత్రం ఆపొద్దు" అన్నారు డాక్టర్.

అందులో మా ఆయనకు మొదటి మాటే వినబడింది. ఆ తర్వాతి ఆదివారమే కోదాడ గుడిలో మైకు పట్టుకుని, దేవుడు తనను సంపూర్ణంగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. జరిగిపోయిందని విశ్వాసంతో ముందే నోటితో పలికితే అలాగే జరుగుతుందని గట్టిగా నమ్ముతారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, డాక్టర్ చెప్పిన రెండో మాట గుర్తున్నా కొట్టాను. ఆ నెల ఉత్తరంలోనూ అదే రాశారు.

ఇక అందరూ సంతోషంగా ఆపేశారు. ప్రార్థన అంశాల్లోంచి ఆయన పేరు తీసి కృతజ్ఞత అంశాల్లో పెట్టారు. మందులకు, టెస్టులకు డబ్బు పంపడం ఆగింది, దాంతో అవీ ఆగాయి. విశ్రాంతి అయిపోయింది, వచ్చిన సేవకుడు వెళ్లిపోయాడు. ఎవరిని తప్పుపట్టను? మేమే కదా బాగైందని చెప్పాం.

ఎండాకాలానికి వాపు మళ్లీ వచ్చింది. అన్నం సయించేది కాదు, తిన్నది వాంతయ్యేది. ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాయమని బతిమాలాను.

"సాక్ష్యం చెప్పినోన్ని. మళ్ల రోగమొచ్చిందని ఏ మొకం పెట్టుకొని రాయాలె?"

"పోనీ నేను ఫోన్ చేసి చెప్త."

"నువ్వు చెప్తే నేను సంఘం ముందు అబద్ధికున్నయిత. గది నీకిష్టమేనా?"

ముగ్గురి నంబర్లూ ఫోన్‌లో ఉన్నాయి. రోజూ తీసి చూసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒకరోజు ఊపిరాడక మంచంలో లేచి కూర్చున్నారు. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్తే మెడలో కాథెటర్ గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. అక్కడి డాక్టర్ పాత రిపోర్టులు తిరగేసి, "మందులెందుకు ఆపిన్రమ్మా? వాడుకుంట ఉంటే ఇంకొన్నేండ్లు డయాలసిస్ లేకుండనే గడిచేదేమో" అన్నారు.

మర్నాడు సంగతి తెలిసి కోదాడ పాస్టర్‌గారు వచ్చారు. "ఆయన బాగైపోయారనుకున్నామమ్మా. అందరికీ చెప్పుకున్నాం కూడా. ఒక్క ఫోన్ చేయకపోయారా?" అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. అందుకోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. ఆయన ఊళ్లను ఆఫీసు వేరే సేవకుడికి అప్పగించింది, అది వాళ్ల పద్ధతి. మిర్యాలగూడ సంఘం మాకు దవాఖాన దగ్గర్లో ఒక గది చూసిపెట్టింది. కోదాడ సంఘం ఈ ఏడాదికి జీతం ఆపేది లేదంది, వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దామంది. ఆయన మంచంలో కూర్చుని ఆ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ ప్రార్థన చేస్తారు. వింటూ ఉండడం తప్ప నేను చేయగలిగింది లేదు.

సేవకుల భార్యలకు ఒక్క మాట. ప్రార్థన ఉత్తరంతో పాటు డాక్టర్ రిపోర్టు ఫోటో కూడా సంఘాలకు, ఆఫీసుకు పంపండి, ఆయన వద్దన్నా పంపండి. కోపగించుకుంటారు, నాలుగు రోజులు మాట్లాడరు. ఆ నాలుగు రోజులకు భయపడబట్టే నేను ఆయన కిడ్నీలు పోగొట్టాను.