రెండు మార్కుల గుడ్డు

నందిగామలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. ప్రోటీన్ల పాఠం రాగానే పిల్లలు పెన్నులు పట్టుకుని నా మొహం చూస్తారు, ఏది ఇంపార్టెంటో చెబితే టిక్కు పెట్టుకుందామని. అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరతాయి, ఆ గొలుసు తనంతట తానే మడతలు పడి ఒక ఆకారానికి వస్తుంది, ఆ ఆకారం ఉంటేనే పని చేస్తుంది. ఇంతవరకు చెప్పి, మడత తప్పుగా పడితే ఏమవుతుందన్నది పరీక్షలో రాదు, వదిలేయండి అనేవాణ్ణి. వేడికి ఆకారం చెడుతుందనడానికి ఉడికించిన గుడ్డు ఉదాహరణ రాయండి, రెండు మార్కులు ఎక్కడికీ పోవు అనేవాణ్ణి. ఏళ్ల తరబడి ఇదే పాట.

అక్క జగ్గయ్యపేటలో ఉంటుంది. పెళ్లిళ్ల చీరలకు కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెల్లో సర్ది ఇస్తుంది. బావ పోయాక మంచికీ చెడుకీ నేనే. కిందటేడు కాళ్లకు నీరు పట్టింది. టెస్టు చేయిస్తే మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు, విజయవాడలో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. నాకు మాత్రం అప్పటికే అంతా అర్థమైపోయింది. పోతున్నదాన్ని తిరిగి నింపాలి, అంతే కదా! మా వీధిలో ఎవరికి నీరసమన్నా కెమిస్ట్రీ సారుని అడగమంటారు, ఆ పొగరు నాది. ప్రతి ఆదివారం బస్సెక్కి గుడ్లు తీసుకెళ్లాను. గుడ్డు వాసన అక్కకు గిట్టదు. చదువుకున్నవాడివి, నువ్వు చెబితే కాదంటానా అని ముక్కు మూసుకుని రోజుకు రెండు మింగింది.

ఏడు నెలలు. నాలుక మందమై మాట ముద్దగా వచ్చాక, నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాక, అప్పుడు విజయవాడ తీసుకెళ్లాను.

డాక్టరు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచారు. ఒంట్లో ఒక ప్రోటీన్ తప్పుగా మడత పడుతోందట. అలాంటివి ఒకదానికొకటి అంటుకుని, కరగక, కిడ్నీల్లో, గుండె గోడల్లో పేరుకుపోయాయట. మందులతో కొత్తవి పుట్టకుండా ఆపొచ్చు, పేరుకున్నది మాత్రం అంత తేలిగ్గా పోదన్నారు. నేను పెట్టిన గుడ్ల వల్లేనా అని అడిగాను.

"గుడ్ల వల్ల కాదండి. గుండెకు పాకకముందే తీసుకురావాల్సింది."

ఆ మాట అక్కకు చెప్పలేదు, ఒంట్లో ప్రోటీన్ మడతలు తప్పుగా పడుతున్నాయని మాత్రం చెప్పాను. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వదిలేయండి అని పిల్లలకు చెప్పిన చోటే అక్క ప్రాణం ఇరుక్కుని ఉంది. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని ఎవరిదో పట్టుచీర కుచ్చిళ్లు సవరిస్తోంది. ఒక మడత వంకరగా పడితే విప్పి, నీళ్లు చిలకరించి, మళ్లీ పెట్టింది. లోపల పడినవాటిని కూడా ఇలా విప్పి పెట్టలేరా అని అడిగింది. మందులు ఆ పనిలోనే ఉన్నాయన్నాను. అబద్ధం.

తర్వాత పళ్లెంలోంచి గుడ్డు తీసి పెంకు ఒలవడం మొదలుపెట్టింది. ఇక తినక్కర్లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

"నువ్వు ముందే కనిపెట్టి ఇవి పెట్టబట్టే రా, ఇన్నాళ్లు నిలబడ్డా," అంది.

ఆ మందమైన నాలుకతో చిన్న చిన్న ముక్కలుగా నములుతుంటే, నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.