ఖాళీ బండి లెక్క

పోయిన సోమవారం అత్త పావగడ నుంచి ఫోన్ చేసి, మామ పోయాడని చెప్పింది. ఆయన మా అమ్మకు తమ్ముడు, బతుకంతా లారీ తోలినవాడు. నా ఉద్యోగానికి పనికొచ్చిన చదువు కాలేజీలో కన్నా ఆయన దగ్గరే ఎక్కువ అబ్బింది.

కట్టడాల వల్ల గాలిలోకి ఎంత కార్బన్ చేరుతుందో లెక్కగట్టడం నా పని. మొదటి లెక్కే పావగడ పక్కన తిరుమణిలో పడింది. సోలార్ పార్కు సిబ్బందికి ఇళ్లు కడుతున్నారు. గోడలను బెంగళూరు దగ్గర ఫ్యాక్టరీలో కాంక్రీటుతో పోసి, లారీలో తెచ్చి, అక్కడ నిలబెట్టడమే. ఆ లారీ తోలేది మామే. చెప్పులు విడవకుండా బండి ఎక్కేవాడు కాదు. నాకు జీతం వచ్చే వయసొచ్చినా, కనబడితే చాలు జేబులోంచి వేయించిన శెనక్కాయలు తీసి పెట్టేవాడు.

సిమెంటు, ఇనుము అన్నీ లెక్కేసి, డీజిల్ మాత్రం ఒకవైపుకే వేశాను. తిరిగి పోయేటప్పుడు లారీ వేరే సరుకు ఎత్తుకుంటుంది కాబట్టి అది మన లెక్కలోకి రాదని మా ఆఫీసు పద్ధతి. గొప్పగా మామకు చూపించాను. మరునాడు గోడలు దించాక నన్ను బండి ఎక్కించుకున్నాడు. గోడలు ఆనించే ఇనుప స్టాండ్లు వెనక బిగించే ఉన్నాయి, మధ్యలో గంప పెట్టే జాగా కూడా లేదు. ఫ్యాక్టరీ దాకా అవి గడగడ చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

"వచ్చేటప్పుడు డీజిల్ తాగిన బండి, పోయేటప్పుడు గాలి తాగతాదామ్మా?" అన్నాడు.

ఖాళీగా తిరిగి పోయే డీజిల్ కూడా వేసి లెక్క దిద్దాను. లారీ వల్లే అంత కార్బన్ అని చూసి, కట్టేవాళ్లు గోడలు తిరుమణిలోనే పోయించడం మొదలుపెట్టారు. మామ ట్రిప్పులు ఆగిపోయాయి. మామ కడుపు నేనే కొట్టానని ఏడ్చాను. అత్త రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది న్యాయమే. ఇలా అవుతుందని ముందే తెలియదా అని మామను అడిగాను.

"తెలీకుండా ఎట్లుంటాది? నువ్వు తప్పు రాసి కింద సంతకం పెడితే, నాకు అన్నం దిగతాదా?" అన్నాడు.

తర్వాత అక్కడే నీళ్ల ట్యాంకరు తోలాడు. నేను ఆయన్ని చివరిసారి చూసింది ఈ ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. తలకు తువ్వాలు చుట్టుకుని, పైపు పట్టుకుని నిలబడ్డాడు. కొత్తగా పోసిన గోడ బీటలివ్వకుండా, తన లారీ ఎన్నడూ మోయని ఆ గోడను, ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా తడుపుతున్నాడు.