దగ్గరగా వేసిన గేటు

మా ఊళ్ళో ఏదైనా దాచాలంటే ఎనిడ్ పించ్‌బెక్‌కి చెప్పాలి, చాటాలంటే నాకు చెప్పాలి అనేవాళ్ళు. నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు. ఎనిడ్ మాత్రం తొమ్మిదేళ్ళప్పుడు మూసిన నోరు ముప్ఫై ఆరో ఏట గానీ విప్పలేదు. విప్పమని పోరు పెట్టినదాన్ని నేనే కనుక ఆ కథ చెప్పే హక్కు నాకుంది. కిందటి నెల ఆమెను సాగనంపాం. ఇప్పుడు నన్ను ఊరుకోమనేవాళ్ళు కూడా లేరు.

మాది లేన్ ఎండ్. ఆరు ఇటుక ఇళ్ళు, అందరికీ కలిపి ఒక చేతిపంపు. బడి, చర్చి, కొట్టు, మంత్రసాని అన్నీ ఓస్‌థార్ప్‌లోనే. రెండిటి నడుమ దొరగారి పార్కు. జింకలు మేసే పచ్చిక, ముసలి ఓక్ చెట్లు, చుట్టూ నా రెండింతల ఎత్తు గోడ. పార్కుకి అడ్డంపడి నడిస్తే బడి ముక్కాలు మైలు. రోడ్డంట పోతే మూడు మైళ్ళ పైమాటే, పైగా బీట్‌రూట్ బళ్ళు ఒరుసుకుంటూ పోయేవి. మేం తాతల నాటి నుంచీ పార్కులోంచే నడిచాం.

ఓస్‌థార్ప్ వైపు గేటు పక్కన కాపలాదారు ఎజ్రా పించ్‌బెక్ ఇల్లు. భార్య పోయింది, కూతురు ఎనిడ్ ఒక్కతే. ఆయన చాపెల్‌లో ఆదివారం బైబిలు చదివేవాడు. చుక్క ముట్టడు, పందెం కాయడు, తూకం రాయి కూడా ఆయన మాట విని సర్దుకుంటుందని మా నాన్న వేళాకోళం చేసేవాడు. నేనూ ఎనిడ్ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. బడి వదిలాక దొరగారి పందుల కోసం ఓక్ కాయలు బస్తాలకెత్తేవాళ్ళం, ముసలి చెట్టు తొర్రలో దూరి చెప్పుకోకూడనివన్నీ చెప్పుకునేవాళ్ళం. దాని జేబులో ఎప్పుడూ సగం కొరికిన ఆపిల్ ఉండేది. కొరకని సగం నాకు.

ఏడాదికి ఒక్కరోజు, మార్చి మొదటి మంగళవారం, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గేట్లు మూసేవాళ్ళు. మేం దాన్ని మూత మంగళవారం అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా నడిస్తే ఆ దారి నడిచినవాళ్ళదేనని చట్టం. ఏడాదికోసారి తాళం పడితే మాత్రం అది దొరగారి దయ, మా హక్కు కాదు. లేన్ ఎండ్ వైపు గేటుకీ, తన ఇంటి పక్క గేటుకీ తాళాలు వేసి, తాళంచెవులు ఎస్టేటు ఆఫీసులో ఇచ్చి, అక్కడి గేటు పుస్తకంలో ఒక ముక్క రాసి రావడం ఎజ్రా పని.

నలభై ఏడులో మూత మంగళవారం నాడే మంచు తుపాను. ఆ పొద్దున్నే మా అమ్మకి నొప్పులు మొదలయ్యాయి, నెల ముందే. నాన్న రోడ్డంట పరిగెత్తి మంత్రసానికి కబురు చెప్పాడు. ఆవిడ అరవై ఏళ్ళ మనిషి. సంచీ పట్టుకుని పార్కు గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

"పించ్‌బెక్ గారూ, తియ్యండి. ఫ్లోరీ గార్టన్ నొప్పులు పడుతోంది" అందట.

ఎజ్రా తాళంచెవుల కోసం ఎస్టేటు ఆఫీసుకి పరిగెత్తాడు. మోకాటి లోతు మంచులో మైలు దూరం. మేనేజరు చలిమంట దగ్గర్నుంచి లేవలేదు. "పొద్దు గుంకాక ఇస్తాను. రూలు రూలే కదయ్యా" అన్నాడు. ఎజ్రా ఉత్తచేతుల్తో తిరిగొచ్చేసరికి మంత్రసాని రోడ్డు పట్టింది. మా ఇంటికి చేరేసరికి రెండు గంటల పైనే పట్టింది. అమ్మ బతికింది. చెల్లెలు బతకలేదు. నాకు ఏడేళ్ళు. దాన్ని చూపించమని ఏడిస్తే ఎవరూ చూపించలేదు.

మరుసటేడు మూత మంగళవారానికి రోడ్డంట పోవాలని తొందరగా బయల్దేరిన మాకు, ఊరికే గేటు నెట్టి చూస్తే తెరుచుకుంది. ఆ చివర గేటు కూడా అంతే. ఎజ్రా ఇంటి కిటికీకి పట్టపగలు కర్టెన్ వేసి ఉంది. అప్పట్నుంచీ ఏటా అంతే. లేన్ ఎండ్‌లో అందరికీ తెలుసు, ఎవరూ పెదవి విప్పలేదు. విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది, ఇల్లు ఉద్యోగంతో పోతుంది. మేం పిల్లలం ఆ కిటికీ ముందు మునివేళ్ళ మీద నడిచి, దాటాక పడీపడీ నవ్వేవాళ్ళం.

ఎనిడ్ పెద్దదై బడిలో వంటమనిషి అయింది. కైమా, మెదిపిన ఆలుగడ్డలు, జామ్ రొట్టె, కస్టర్డు. పెళ్ళి చేసుకోలేదు. ఒకడు అడిగాడు గానీ నాన్నను ఒంటరిగా వదలనంది. డెబ్బై రెండు శరత్తులో ఎజ్రా పోయాడు. మరుసటేడు దొరగారి వారసులు పార్కు అమ్మేశారు. కొన్నాయన ఆ పై ఏడాది రెండు గేట్లకీ గొలుసులు బిగించి 'దారి లేదు' అని బోర్డు పెట్టాడు. మా పిల్లలు లారీల పక్కన బడికి నడవడం మొదలుపెట్టారు. నా పెద్దాడిని ఒక లారీ అద్దం భుజం మీద గీరుకుంటూ పోయింది.

దారి మాదేనని మేం అర్జీ పెట్టాం, విచారణ వేశారు. అప్పుడు బయటికి తీశారు కొన్నాయన తరఫువాళ్ళు, ఎస్టేటు గేటు పుస్తకం. ప్రతి మార్చికీ ఎజ్రా చేతిరాత, ఎజ్రా సంతకం. ఏటా గేటు మూశాడని ఆయనే రాసుకుంటే మా నడక దయాధర్మమే. ఆ ఇంట్లో ఉన్న మనిషి ఎనిడ్ ఒక్కతే మిగిలింది. విచారణ ముందురోజు బడి వంటింటికి పోయాను. కస్టర్డు కలుపుతోంది.

"ఏమే, సాక్ష్యం కాగితం మీద సంతకం పెట్టలేదట?"

"పెట్టను నెల్."

"నోరు కస్టర్డులో పడిపోయిందా? గేటుకి తాళం లేదని చెప్పడానికేం?"

"చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? మా నాన్న పాతికేళ్ళు దొంగరాతలు రాశాడని అవుతుంది. దొర జీతం తిని దొరని మోసం చేశాడని అవుతుంది."

"పోయినవాళ్ళకి పోయేదేముందే? ఉన్న పిల్లలు లారీల కింద పడాలా?"

గరిటె ఆపింది. "తాళం వెయ్యని మొదటి ఏడు నాన్న నన్ను కూర్చోబెట్టి, 'అమ్మడూ, ఇవాళ నేనెవర్నీ చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు, ఎవరడిగినా నోరు విప్పకు' అన్నాడు. మాటిచ్చాను. ఆయనకి ఇల్లు లేదు, పొలం లేదు. అబద్ధమాడడు అన్న పేరొక్కటే మిగుల్చుకున్నాడు. దాన్ని నా చేత్తో చెరపమంటావా?"

"పిరికిదానా" అనేసి వచ్చాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను, సగం దాన్ని, సగం నన్ను.

మర్నాడు ఊరి హాల్లో విచారణ. అధికారి లండన్ నుంచి వచ్చిన సన్నపాటి మనిషి. ఎనిడ్ వచ్చి వెనక వరసలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను దాని వైపు చూడలేదు. మా గొర్రెలకాపరి ముసలి జార్వీ లేచి, మూత మంగళవారం నాడు కూడా పార్కులోంచే నడిచానని చెప్పాడు.

కొన్నాయన లాయరు నవ్వాడు. "అయితే పించ్‌బెక్ గారు పుస్తకంలో అబద్ధం రాశారంటారా?"

"పించ్‌బెక్ అబద్ధం ఆడే మనిషి కాదండీ."

"అయితే మీరు ఆడుతున్నారన్నమాట."

జార్వీ టోపీ నలుపుకుంటూ కూలబడ్డాడు. ఆ తర్వాత లేన్ ఎండ్ వాళ్ళెవరూ లేవలేదు. పార్కు పోయిందనే అనుకున్నాను.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండి, రికార్డుకి" అన్నాడు అధికారి.

లాయరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మార్చి 1954. 'గేట్లు రెండూ దగ్గరగా వేశాను. ఎ. పించ్‌బెక్.' మార్చి 1955. 'గేట్లు రెండూ దగ్గరగా వేశాను. ఎ. పించ్‌బెక్.' అన్నీ ఇంతే."

వెనక కుర్చీ కిర్రుమంది. ఎనిడ్ లేచి నిలబడింది.

"ఆ మాట మళ్ళీ చదవండి."

"దగ్గరగా వేశాను."

"తాళం వేశాను అని లేదా?"

"దగ్గరగా వేశారంటే మూశారనే కదమ్మా" అన్నాడు లాయరు.

మా వరసల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు.

"మీ ఊళ్ళో ఏమో నాకు తెలీదండీ" అంది ఎనిడ్. "ఇక్కడ దగ్గరగా వెయ్యడమంటే గాలికి కొట్టుకోకుండా చెయ్యడం. గొళ్ళెం పెట్టం, తాళం వెయ్యం. నేను పెరట్లో ఉంటే పాలవాడు లోపలికొచ్చి సీసా పెట్టిపోవాలని తలుపు దగ్గరగా వేసి పోతాను. చూడండి."

నడిచి వెళ్ళి హాలు తలుపుని ఒక్క వేలితో నెట్టి చట్రానికి ఆనించింది. "ఇదీ, దగ్గరగా వెయ్యడం."

ఆ మాట పూర్తవుతుండగానే టీ ట్రే రెండు చేతుల్తో పట్టుకుని బాగ్లీవాళ్ళావిడ తలుపుని నడుంతో తోసుకుని లోపలికొచ్చింది. అందరూ తనకేసి చూస్తుంటే, "ఏంటి? పంచదార తెచ్చాను కదా!" అంది. హాలంతా గొల్లున నవ్వింది. అధికారి కూడా నవ్వు దాచుకోలేకపోయాడు.

తర్వాత ఆయన పుస్తకం తన దగ్గరికి లాక్కుని వెనక్కి తిప్పాడు. "1946. 'గేట్లకు తాళం వేశాను.' 1947. 'గేట్లకు తాళం వేశాను.' 1948. 'దగ్గరగా వేశాను.'" చివరిదాకా పేజీలు తిప్పి చూశాడు. "ఆ తర్వాత తాళం అన్న మాటే లేదు. నలభై ఏడులో ఏం జరిగింది?"

ఎనిడ్ నా వైపు చూసింది. అది చెప్పదని తెలుసు, అది నా ఇంటి మాట. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని, లేచి నిలబడి మాట మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో వదిలేశాను.

"మా చెల్లెలు పోయిందండీ" అన్నాను చివరికి. "తాళం వేసి ఉండబట్టి." మిగతాదంతా చెప్పాను.

ఆ సాయంత్రం ఎనిడ్ నాతోపాటు లేన్ ఎండ్ దాకా వచ్చింది. గేట్లకి ఇంకా గొలుసులే, రోడ్డంట నడిచాం. పిరికిదానా అన్నందుకు క్షమించమన్నాను. అది వినిపించుకున్నట్టే లేదు.

"ఆ పుస్తకం ఎప్పుడూ ఆఫీసులోనే ఉండేది నెల్, నేనెన్నడూ చూళ్ళేదు. ఇన్నేళ్ళూ నాన్న అబద్ధం రాశాడనే అనుకున్నాను. ఆయన సమాధి మీద పూలు పెడుతూ కూడా అదే అనుకున్నాను" అని రోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. లారీవాడొకడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

కళ్ళు తుడుచుకుని అడిగింది. "మీ అమ్మకి నాన్న ఎప్పుడైనా సారీ చెప్పాడా?"

"లేదే. ఎదురైతే టోపీ తీసి పక్కకి తప్పుకునేవాడు. అమ్మ కూడా ఏమీ అనేది కాదు."

"చెప్పడం చేతకాలేదు" అంది ఎనిడ్. "ఏడాదికోసారి రాశాడు."

ఆగస్టులో తీర్పొచ్చింది, దారి ఊరిదని. గొలుసులు తీసేశారు. ఎనిడ్ ఇంకో ఇరవై రెండేళ్ళు మా పిల్లలకి కస్టర్డు వడ్డించింది, ఆ తర్వాత ఆ పిల్లల పిల్లల పెళ్ళిళ్ళకి కేకులు చేసింది. ఆఖరి రోజుల్లో లేన్ ఎండ్‌లో మా పక్కింట్లోనే ఉండేది, ఆపిల్ కోస్తే సగం నాకు పంపేది.

కిందటి నెల దాన్ని పార్కులోంచే చర్చికి మోసుకుపోయారు. జింకలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. నాకు మోకాళ్ళ నొప్పి, అందరికన్నా వెనక నేనే. గేటు బార్లా తెరిచి ఉంది. అందరూ దాటిపోయాక ఇనప కమ్మీ మీద చెయ్యి వేసి, దగ్గరగా వేశాను.