సిగరెట్ కాగితం జారిందాకా

మా లేత్ షాపు బందరులో, గిలకలదిండి హార్బరుకెళ్లే రోడ్డు మీద ఉంది. పడవల ఇంజన్లకు బుష్షులు చెయ్యడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. షాఫ్టు అరిగిపోకుండా దాని చుట్టూ తొడిగే, కంచులాంటి గన్‌మెటల్ గొట్టమే బుష్. మా హార్బరు నీళ్లు ఉత్త బురద. బుష్ బిగువుగా ఉంటే మట్టి ఇరుక్కుని షాఫ్టును పట్టేస్తుంది. అందుకే నాన్న షాఫ్టుకీ బుష్‌కీ మధ్య సిగరెట్ పెట్టెలోని కాగితం దూర్చి చూసేవాడు. అది జారిందాకా లోపల ఇంకో కోత, ఇంకో కోత. నా చెయ్యీ అలాగే అలవాటుపడింది.

మా అక్క భర్త, అంటే మా బావ, విశాఖలో నేవీ సప్లయి ఓడ మీద ఇంజన్ రూములో పనిచేస్తాడు. నడిసముద్రంలో ఉన్న యుద్ధనౌకలకు డీజిలు, మంచినీళ్లు, తిండి మోసుకెళ్లే ఓడ అది. ముసలిది. ఇంజన్ని చల్లబరిచే పంపుకి బుష్ అరిగిపోయింది, ఆ పంపు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. "మా బావమరిది చేస్తే తిరుగుండదు సార్" అని బావ ఆఫీసరుకు మాటిచ్చాడు. డ్రాయింగు, షాఫ్టు కొలతకు చేసిన ఇనప ముక్క, ఒకే ఒక్క గన్‌మెటల్ దిమ్మ పంపించాడు. శుక్రవారం బుష్ చేరాలి, శనివారం ఓడ కదలాలి.

గురువారం మధ్యాహ్నానికి పని పూర్తిచేసి, పెట్టె విశాఖ బస్సుకిచ్చి షాపుకొచ్చాను. మంచి పని చేశానని గర్వంగా కూడా ఉంది. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెడితే మడతపడ్డ సిగరెట్ కాగితం వచ్చింది. దాని నిండా గన్‌మెటల్ పొడి.

నా చేతులు పడిపోను! మైక్రోమీటరుతో డ్రాయింగుకు సరిగ్గా తెచ్చి, ఆ తర్వాత కాగితం దూర్చాను. జారలేదని ఇంకో కోత పెట్టాను. అది బురదలో తిరిగే పడవా? ఆ వదులుకి షాఫ్టు గజగజలాడి, నడిసముద్రంలో పంపు పగిలిపోతుంది. దాని పక్కనే మా బావ నిలబడి ఉంటాడు.

బావకి ఫోన్ చేశాను. కలవలేదు. ఓడ అడుగున ఇంజన్ రూములో సిగ్నలుండదు. బస్సును అందుకోవాలని బండి తీశాను. పామర్రులో లారీ వెనక ఇరుక్కుని ఏడుపొచ్చినంత పనైంది. గుడివాడ బస్టాండులోకి వెళ్లేసరికి బస్సు ఇంకా ఉంది.

పెట్టె వెనక్కిమ్మంటే, "రసీదేదండీ?" అన్నాడు కండక్టరు.

"షాపులో ఉండిపోయిందండీ. మీ కాళ్లు పట్టుకుంటాను, అది తప్పు సామానండీ, బిగిస్తే మనుషులు పోతారు."

నా మొహం చూసి ఇంకేం అడగలేదు. ఆధార్ కార్డు ఫోటో తీసుకుని పెట్టె చేతిలో పెట్టాడు. అక్కడే బెంచీ మీద విప్పి, బుష్‌తో పాటు పెట్టెలో పెట్టిన ఇనప ముక్కకు దాన్ని తొడిగి కాగితం దూర్చాను. నూనె రాసినట్టు జారింది. ఇంకో దిమ్మ పోత పోయించాలంటే వారం పైనే. బస్సు వెళ్లిపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. బావ. గొంతు నిండా సంతోషం.

"ఒరేయ్, ఇప్పుడే పైకొచ్చాను. పాత బుష్ లాగేశాం రా. చచ్చినా రాలేదు, ముక్కలు చేసి తీశాం. ఇక నీదే ఆలస్యం. బస్సుకిచ్చేశావుగా?"

పెట్టె నా ఒళ్లో ఉంది.

"ఏంట్రా, వినపడుతోందా?"

"బావా," అన్నాను, "నేను చేసింది వదులైపోయింది, పనికిరాదు. నా దగ్గర బుష్ లేదు."