చవితినాటి చుక్క

నానక్‌రామ్‌గూడ బడిలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో అక్కడ బండరాళ్ళూ, జొన్నచేలూ, పైన బోలెడంత ఆకాశమూ తప్ప మరేమీ లేవు. కృష్ణా జిల్లా నుంచి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకి గది ఎవరిస్తారని బెంగపడ్డాను గానీ, ఊళ్ళో కాన్పులు చేసే పెద్దమ్మ తన ఇంట్లోనే కిరాయికి ఇచ్చింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనుంట గద" అంది.

నాకు చుక్కల పిచ్చి. ఆబిడ్స్‌లో కళ్ళద్దాల షాపు నుంచి ఓ అద్దమూ, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే చిన్న భూతద్దమూ తెచ్చి, అట్టగొట్టానికి అటొకటీ ఇటొకటీ బిగించి దూరదర్శిని చేశాను. చేశానో లేదో ముసురు పట్టుకుంది. వారాల తరబడి మబ్బు! ఆకాశాన్ని నేను తిట్టిన తిట్లు వింటే మా అమ్మ నా నోట్లో కారం కొట్టేది.

తీరా మబ్బు విడిచింది వినాయక చవితినాడు. చవితి చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పు నెత్తిన పడుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పూజ చేసి, కథ విని, అక్షింతలు వేసుకుంటే ఫరవాలేదంటారు. ఆ ఏడు బద్ధకించి అన్నీ ఎగ్గొట్టాను. పొద్దుగూకాక చూరు కింద నుంచి తొంగి చూద్దును కదా, పడమట శుక్రుడు ధగధగలాడిపోతున్నాడు. చంద్రుడూ ఆ దగ్గర్లోనే ఉంటాడని తెలుసు. పిల్లలకి సైన్సు చెప్పేదాన్నే, అయినా గొడుగు అడ్డం పెట్టుకుని మరీ గొట్టాన్ని శుక్రుడి మీదికి తిప్పాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

కన్ను ఆనించగానే ఒళ్ళు ఝల్లుమంది. సరిగ్గా సగానికి కోసినట్టు, ముద్దొచ్చే చిన్న బింబం! శుక్రుడికీ చంద్రుడిలాగే కళలుంటాయని పాఠం చెప్పడమే గానీ ఏనాడూ చూడలేదు. సంతోషం పట్టలేక పెద్దమ్మని పిలిచాను. ఆవిడ పడమటికి వీపుపెట్టి కూర్చుని మక్కకంకులు కాలుస్తోంది. "చంద్రుడు కాదు పెద్దమ్మా, చుక్క! ఒట్టు!" అని బతిమాలి, గొడుగు పట్టి తీసుకొచ్చాను.

ఒక్క క్షణం చూసిందో లేదో వెనక్కి దూకింది. "ఓయమ్మో! చందమామనే సూపిస్తివి గదనే! గిదేం పని జేస్తివి టీచరమ్మా?" అని రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే వీధి చివరింటాయన పరుగెత్తుకొచ్చాడు. "పెద్దవ్వా, జల్ది రా! మా ఆమెకు నొప్పులు సురువైనయి. తొలుసూరు కాన్పు, మస్తు బుగులుపడుతున్నది."

పెద్దమ్మ కదల్లేదు. "నేను రాను బిడ్డా. కథ గూడ ఇనలే, ఇప్పుడే చవితి చందమామను సూసిన. ఆడ తల్లికో పిల్లకో ఏమన్న అయితే మంత్రసానే చంపిందంటరు. దవాఖానకు తీస్కపో."

దవాఖాన ఎక్కడ! ఎడ్లబండి కట్టుకుని ఆ రాళ్ళదారిన వెళ్ళేసరికి ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. ఆయన ముఖం పాలిపోయింది. నా సరదా ఎవరి ప్రాణం మీదికో తెచ్చింది.

"పెద్దమ్మా, చవితి చంద్రుడు సన్నగా ఉంటాడు. నువ్వు చూసింది సగం బింబం. రెండూ ఒకటెలా అవుతాయి?"

"సన్నగున్నడని నీకెట్ల ఎరుక? నువ్వు సూసినవా?"

నిజమే. తదియనాడు చూశాను, పంచమినాడు చూశాను గానీ, పుట్టి బుద్ధెరిగాక చవితినాడు ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు, నా మీదే. గొడుగు విసిరికొట్టి పడమటికి తిరిగాను.

"ఇదిగో, చూస్తున్నాను! నిందేదైనా ఉంటే నా నెత్తినే పడనీ!"

అబ్బ, ఎంత బావున్నాడో! కొడవలిలా సన్నటి వెలుగు, మిగతా ఒళ్ళంతా బూడిదరంగులో లీలగా, పక్కనే శుక్రుడు. ఇంత అందాన్నా ఇన్నేళ్ళూ చూడకుండా ఉన్నది! సంతోషంతో ఏడుపొచ్చింది.

"కొడవలి లెక్కనే ఉన్నడా?" కళ్ళు మూసుకునే అడిగింది పెద్దమ్మ.

"కొడవలే. నువ్వు చూసింది చుక్కే. మా అమ్మ మీద ఒట్టు. లే పెద్దమ్మా!"

"గట్లయితే నడువుండ్రి" అంటూ కొంగు ముఖం మీదికి లాక్కుని, నన్నూ వెంటబెట్టుకుని ఆయన వెనకాలే పరుగులాంటి నడకతో బయల్దేరింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు. అంత సులువుగా ఎలా అయిందా అని ఊరంతా చెప్పుకుని చెప్పుకుని, చివరికి తేల్చిందేమిటంటే, అదంతా టీచరమ్మ గొట్టం మహిమట! లబోదిబోమన్నాను. ఎవరు వింటారు? కొద్దిరోజులకే కోకాపేట నుంచి కూడా నిండు చూలాళ్ళు మా వాకిట్లో దిగారు. నాకు మందూ తెలీదు, మంత్రమూ తెలీదు మొర్రో అంటే, "జర ఒక్కపారి సూడనియ్యి అక్కా" అంటారు. చెయ్యని పని నా నెత్తిన పడనే పడింది. అంత హాయైన నింద ఇంకెవరి మీదైనా పడిందా? అందరికీ శుక్రుణ్ణి చూపించాను.

ఒకామె కన్ను ఆనించి, "ఓయమ్మ, గిది చందమామ గాదా?" అని ఉలిక్కిపడింది.

పెద్దమ్మ ఆమె వీపు నిమిరి, "చందమామ గాదే, సుక్కనే" అంది. "మా టీచరమ్మ తన కండ్లతోని సూసి చెప్పింది."